ఒమర్ ముఖ్తార్: 20 ఏళ్లు ఇటలీని ముప్పుతిప్పలు పెట్టిన బడి పంతులు.. తుపాకీ పట్టిన జనం గెలిచారా? ఓడారా?

సొంతంగా చెప్పుకోదగ్గ సైన్యం లేని దేశం మీదకు ఓ ఆధునిక సైన్యం దండెత్తి వచ్చింది. గొర్రెలు కాసుకునేవాళ్లు, పొలం దున్నుకునేవాళ్లు తుపాకులు పట్టుకుని దాన్ని వెళ్లగొట్టగలరా? ప్రపంచంలో ఎక్కడ యుద్ధం మొదలైనా ఈ ప్రశ్న మళ్లీ పైకొస్తుంది. జనం తిరగబడితే ఎంత పెద్ద సైన్యమైనా తోక ముడవాల్సిందేనని కొందరంటారు. విమానాలు, ఫిరంగుల ముందు నాటు తుపాకులు ఎన్నాళ్లు నిలుస్తాయని ఇంకొందరు కొట్టిపారేస్తారు.

ఈ రెండు వాదనలకూ సాక్ష్యంగా నిలిచే జీవితం ఒకటుంది. ఆయన పేరు ఒమర్ ముఖ్తార్. లిబియాలో ఖురాన్ పాఠాలు చెప్పుకునే పంతులు. 50 ఏళ్లు దాటాక ఇటలీ మీద తుపాకీ ఎత్తారు. 20 ఏళ్లు దించలేదు. 1931 సెప్టెంబర్ 16న ఇటలీ ఆయన్ను బహిరంగంగా ఉరి తీసింది. ఆయన చనిపోయిన 20 ఏళ్లకు లిబియా స్వతంత్ర దేశమైంది. మరి ఆయన గెలిచినట్టా? ఓడినట్టా? ఒక్క ముక్కలో తేలే విషయం కాదిది.

ఎవరీ ఒమర్ ముఖ్తార్?

1858 ప్రాంతంలో తూర్పు లిబియాలోని సైరెనైకాలో ముఖ్తార్ పుట్టారు. టోబ్రూక్‌కు దగ్గర్లోని జంజూర్ ఆయన ఊరు. మనిఫా అనే తెగకు చెందిన మామూలు కుటుంబం. చిన్నతనంలోనే తండ్రి హజ్ యాత్రకు వెళ్తూ దారిలో చనిపోయారు. ఆ తర్వాత పిల్లాడిని పెంచి, చదివించింది సెనుస్సీ వ్యవస్థ.

ఈ సెనుస్సీల గురించి కొంచెం తెలుసుకుంటేనే తర్వాతి కథ అర్థమవుతుంది. 19వ శతాబ్దంలో మొదలైన ఈ మత సంస్థ ఎడారి అంతటా జావియాలు కట్టింది. జావియా అంటే ఒక్క మసీదే కాదు. అదే బడి, అదే సత్రం, ఒంటెల బిడారులు ఆగే మజిలీ, రెండు తెగల మధ్య గొడవొస్తే తీర్పు చెప్పే రచ్చబండ కూడా అదే. అప్పట్లో లిబియా పేరుకు ఒట్టోమన్ సుల్తాన్ ఏలుబడిలో ఉన్నా, సైరెనైకా పల్లెల్లో, ఎడారిలో నిజంగా మాట చెల్లేది సెనుస్సీలకే.

ముఖ్తార్ జగ్బూబ్‌లోని పెద్ద జావియాలో ఏళ్ల తరబడి చదువుకున్నారు. తర్వాత అల్ ఖుసూర్ జావియాకు షేక్ అయ్యారు. పిల్లలకు ఖురాన్ చెప్పడం, తెగల తగవులు తీర్చడం ఆయన పని. ఏ తెగకు ఎవరితో పొత్తు, ఎవరితో పగ, ఏ లోయలో నీళ్లుంటాయి, ఏ దారి ఎటు పోతుంది.. ఇవన్నీ ఆ ఉద్యోగంలోనే తెలిశాయి. మధ్యలో కొన్నాళ్లు చాద్ వైపు వెళ్లి, అక్కడ విస్తరిస్తున్న ఫ్రెంచ్ సైన్యంతో సెనుస్సీల తరఫున పోరాడి వచ్చారు. అంటే యుద్ధం ఆయనకు బొత్తిగా కొత్తేమీ కాదు. కానీ ఏ మిలటరీ స్కూల్లోనూ చదవలేదు.

1911: ఇటలీ దిగింది

1911 సెప్టెంబర్ 29న ఒట్టోమన్ సామ్రాజ్యంపై ఇటలీ యుద్ధం ప్రకటించింది. బ్రిటన్, ఫ్రాన్స్‌లకు ఆఫ్రికాలో పెద్ద పెద్ద వలసలున్నాయి. తమకూ ఒకటి కావాలన్నది రోమ్ లెక్క. లిబియా జనానికి తుర్కులంటే పడదు కాబట్టి తమను విమోచకులుగా చూస్తారని ఇటలీ అనుకుంది. ట్రిపోలీ, టోబ్రూక్, దెర్నా, బెంఘాజీ రేవుల్లో సైన్యాన్ని దించింది.

అంచనా తలకిందులైంది. తుర్కు సైనికులతో కలిసి స్థానిక తెగలు ఇటలీపై తిరగబడ్డాయి. అక్టోబర్ 23న ట్రిపోలీ దగ్గర షార్ అల్ షత్‌లో ఇటలీ దళాలకు కోలుకోలేని దెబ్బ తగిలింది. దానికి ప్రతీకారంగా ఇటలీ సైన్యం నగరంలో వేల మందిని చంపేసింది. నవంబర్ 1న గియులియో గవొత్తి అనే ఇటలీ పైలట్ విమానంలోంచి చేత్తో చిన్న బాంబులు విసిరాడు. విమానం నుంచి బాంబు దాడి ప్రపంచ చరిత్రలో అదే మొదటిది. ఆకాశం నుంచి బాంబులు పడటం లిబియా పల్లెలు మిగతా ప్రపంచం కంటే ముందే చూశాయి.

యుద్ధం ముగిసే నాటికి లక్ష మంది దాకా సైనికుల్ని ఇటలీ దించాల్సి వచ్చింది. అయినా తీరం దాటి లోపలికి పెద్దగా వెళ్లలేకపోయింది. 1912 అక్టోబర్‌లో ఒట్టోమన్లు స్విట్జర్లాండ్‌లో ఒప్పందం చేసుకుని తప్పుకున్నారు. కాగితం మీద లిబియా ఇటలీ సొంతమైంది. నేల మీద మాత్రం అసలు యుద్ధం అప్పుడే మొదలైంది. ఎందుకంటే జీతం తీసుకునే సైన్యం వెళ్లిపోయింది. మిగిలింది జనమే.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఇటలీ దళాలు మళ్లీ తీరానికే పరిమితమయ్యాయి. ఆ తర్వాత రోమ్ దారి మార్చింది. సెనుస్సీ అధిపతి ఇద్రిస్‌తో ఒప్పందాలు చేసుకుంది. 1920లో ఆయన్ను లోపలి ప్రాంతాలకు ఎమీర్‌గా గుర్తించింది. కాస్త ఊపిరి పీల్చుకునే కాలం అది. ఎక్కువ కాలం నిలవలేదు.

ఎమీర్ వెళ్లిపోయారు.. పంతులు మిగిలారు

1922 అక్టోబర్‌లో ముస్సోలినీ అధికారంలోకి వచ్చాడు. పాత ఒప్పందాలన్నీ చెత్తబుట్టలోకి వెళ్లాయి. ప్రమాదం పసిగట్టిన ఇద్రిస్ ఆ ఏడాది చివర్లోనే ఈజిప్టుకు వెళ్లిపోయారు. సైరెనైకాలో పోరాటాన్ని నడిపించే బాధ్యత ముఖ్తార్ మీద పడింది. ఆయన ఈజిప్టు వెళ్లి ఇద్రిస్‌ను కలిశారు. అక్కడే ఉండిపోయే అవకాశం ఉంది. వయసు 60 దాటింది. అయినా సరిహద్దు దాటి వెనక్కి వచ్చేశారు.

వచ్చి ఎక్కడ మకాం వేశారన్నది చాలా ముఖ్యం. లిబియా అంటే ఎడారి అనుకుంటాం. కానీ సైరెనైకా ఉత్తర భాగంలో జబల్ అల్ అఖ్దర్ అనే కొండ ప్రాంతం ఉంది. పేరుకు అర్థమే పచ్చని కొండ. వానలు పడతాయి, చెట్లూ పొదలూ ఉంటాయి, గుహలుంటాయి, లోతైన లోయలుంటాయి. అక్కడ ట్యాంకులు, లారీలు తిరగడం కష్టం. గుర్రం మీద తిరిగే మనిషికి మాత్రం అది అమ్మ ఒడి లాంటిది.

పగలు ఇటలీది.. రాత్రి ముఖ్తార్‌ది

ముఖ్తార్ దళాలన్నీ కలిపినా ఏ సమయంలోనూ కొన్ని వందల నుంచి సుమారు వెయ్యి మంది తుపాకీ ధారులే. ఎదురుగా ఇటలీకి వేలాది సైనికులు, సాయుధ వాహనాలు, విమానాలు, వైర్‌లెస్. మరి అన్నేళ్లు ఎలా నిలబడ్డారు?

తెగల వారీగా దళాలు కట్టడం ఆయన చేసిన మొదటి పని. ఒక్కో దళాన్ని దోర్ అనేవారు. ఆ మాటకు వంతు అనే అర్థం కూడా ఉంది. ఏ తెగ మనుషులు ఆ తెగ దళంలో ఉంటారు. ఒకడు చనిపోతే అతని స్థానంలో తెగ ఇంకొకడిని పంపుతుంది. తిండి, గుర్రాలు, తూటాలు తెగే సమకూర్చుతుంది. అందుకే ఎన్ని పోరాటాల్లో ఎంతమంది చనిపోయినా దళాల లెక్క అంతగా తగ్గేది కాదు.

రెండోది డబ్బు. ఇటలీకి లొంగిపోయామని కాగితం రాసిచ్చిన తెగలు కూడా రాత్రయ్యేసరికి ముఖ్తార్ మనుషులకు పంటలో, పశువుల్లో పదో వంతు పన్ను కట్టేవి. ఆ సొమ్ముతో ఈజిప్టు సరిహద్దు అవతల నుంచి టీ, చక్కెర, బియ్యం, తూటాలు వచ్చేవి. ఇంకొన్ని తుపాకులు ఇటలీ సైనికుల నుంచే దొరికేవి. పగలు తాము పాలిస్తుంటే రాత్రిపూట ఇంకో ప్రభుత్వం నడుస్తోందని ఇటలీ అధికారులే తలపట్టుకున్నారు.

మూడోది సమాచారం. ఇటలీ దళం కోట దాటి బయటికి వస్తే చాలు, గొర్రెల కాపరుల ద్వారా కబురు కొండకు చేరిపోయేది. చిన్న దళమైతే దెబ్బ కొట్టేవారు. పెద్ద సైన్యమైతే మాయమయ్యేవారు. 1927 మార్చిలో రహీబా దగ్గర ఇటలీ తరఫు బెటాలియన్ ఒకటి ఇలాగే చిక్కుకుంది. దాదాపు 300 మందిని కోల్పోయింది.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. ముఖ్తార్ బలం ఆ వెయ్యి తుపాకుల్లో లేదు. ఆ తుపాకుల వెనకున్న రెండు లక్షల మంది జనంలో ఉంది. ఇటలీ సైన్యానికి ఈ సంగతి అర్థం కావడానికి ఏళ్లు పట్టింది.

అందరూ ఒక్కటై పోరాడారా?

లేదు. ఈ కథ చెప్పేటప్పుడు చాలామంది దాటేసే విషయం ఇది. ఇటలీ తరఫున లిబియాలో యుద్ధం చేసిన వాళ్లలో ఇటాలియన్ల కంటే ఎక్కువగా ముందు నిలిచింది ఎరిత్రియా నుంచి తెచ్చిన సైనికులు, జీతానికి కుదిరిన లిబియన్లే. కొన్ని తెగల పెద్దలు, పట్నం వ్యాపారులు ఇటలీతో చేతులు కలిపారు. కొందరు భయంతో, కొందరు పాత పగలతో, కొందరు పూట గడవక. పశ్చిమాన ట్రిపోలిటానియాలో అక్కడి నాయకులు తమలో తాము కొట్టుకున్నారు. దాంతో ఇటలీ పని సులువైంది. 1920ల మధ్యకల్లా ట్రిపోలిటానియాలో చాలా భాగం ఇటలీ గుప్పిట్లోకి వెళ్లింది. 1930 నాటికి దక్షిణాన ఫెజ్జాన్ కూడా పోయింది. సైరెనైకా ఒంటరిగా మిగిలింది.

ముఖ్తార్ చేసిన కష్టమైన పని శత్రువుతో యుద్ధం మాత్రమే కాదు. తెగల మధ్య తగవులు రాకుండా చూసుకోవడం అంతకంటే కష్టం. జావియాలో పంతులుగా తీర్పులు చెప్పిన అనుభవం తుపాకీ కంటే ఎక్కువగా ఇక్కడే పనికొచ్చింది.

సంధి మాటలు.. నాలుగైదు నెలలకే పాడు

1929లో లిబియా గవర్నర్‌గా మార్షల్ బదోగ్లియో వచ్చాడు. వస్తూనే సంధి అన్నాడు. జూన్‌లో సీదీ రహూమా దగ్గర ముఖ్తార్‌తో ముఖాముఖి మాట్లాడాడు. కాల్పులు ఆగాయి. కానీ ఏం ఒప్పుకున్నారన్న దానిపై ఇరువైపులా చెరో మాట. ముఖ్తార్ లొంగిపోయాడని ఇటలీ ప్రచారం మొదలెట్టింది. తాము అడిగింది సెనుస్సీల హక్కులు, జనం ఆస్తుల వాపసు అని ముఖ్తార్ పక్షం వాదన. ఆ ఏడాది చివరికల్లా మళ్లీ తుపాకులు పేలాయి.

ఈ విరామం వల్ల ఇటలీకి ఒక విషయం స్పష్టమైంది. కొండల్లో దళాల వెంట పరుగెత్తినంత కాలం ఈ యుద్ధం తెగదు. చేపను పట్టాలంటే చెరువు తోడేయాలి. ఆ పనికి మనిషి కావాలి.

గ్రాజియాని లెక్క

1930 మార్చిలో సైరెనైకా వైస్ గవర్నర్‌గా జనరల్ రొడోల్ఫో గ్రాజియాని దిగాడు. ట్రిపోలిటానియా, ఫెజ్జాన్‌లను అణచివేసి వచ్చినవాడు. అతను చేసిన పనుల్ని వరసగా చూస్తే, సాయుధ జనాన్ని ఓడించడానికి ఓ సైన్యం ఎంత దూరం వెళ్లగలదో తెలుస్తుంది.

ముందు జావియాలు మూయించాడు. ఆస్తులు జప్తు చేశాడు. షేకుల్ని పట్టుకుని ఇటలీకి చెందిన ఉస్తికా దీవికి పంపాడు. అంటే పన్ను వసూలు చేసే, తీర్పు చెప్పే వ్యవస్థ వెన్ను విరిచాడు. తర్వాత విమానాల్లో ఎగిరొచ్చి అక్కడికక్కడే విచారణ జరిపి, అక్కడికక్కడే ఉరి వేసే సంచార కోర్టులు పెట్టాడు. దళాలకు తిండి పెట్టినా, తుపాకీ దాచినా ఉరే.

1930 జూన్ నుంచి అసలు దెబ్బ మొదలైంది. మొత్తం జనాభాను దూరంగా తరలించి, దళాలకూ జనానికీ మధ్య సంబంధం తెంచేయాలని బదోగ్లియో లిఖితపూర్వకంగా ఆదేశించాడు. సైరెనైకా జనమంతా నాశనమైనా సరే వెనకడుగు వద్దన్నది ఆ ఉత్తరం సారాంశం. పచ్చని కొండ మీద ఉన్న తెగల్ని పిల్లాపాపలతో, పశువులతో సహా నడిపించుకుంటూ ఎడారి అంచుకు తోలారు. కొందరు వందల కిలోమీటర్లు నడిచారు. వెనకబడిన వాళ్లను కాల్చేశారు. సులూక్, అల్ మగ్రూన్, అల్ అఘేలా, బ్రేగా లాంటి చోట్ల ముళ్ల కంచెల మధ్య గుడారాల్లో పడేశారు.

అలా బంధించిన వాళ్ల సంఖ్య సుమారు లక్ష. సైరెనైకా జనాభాలో దాదాపు సగం. ఆకలి, టైఫస్, పని భారం, ఉరిశిక్షలు.. 1933లో శిబిరాలు మూసేనాటికి అందులో 40 వేల మందికి పైగా చనిపోయారని చరిత్రకారుల అంచనా. పశువుల్లో పదింట తొమ్మిది వంతులు పోయాయి. పశువులే ఆస్తిగా బతికే జనానికి అంటే ఇల్లూ వాకిలీ, బ్యాంకు ఖాతా అన్నీ పోయినట్టే.

1930 జులైలో తైజెర్బో ఒయాసిస్‌పై ఇటలీ విమానాలు మస్టర్డ్ గ్యాస్ బాంబులు వేశాయి. విషవాయువు వాడబోమని 1925లో జెనీవాలో సంతకం పెట్టిన దేశాల్లో ఇటలీ కూడా ఉంది. 1931 జనవరిలో సెనుస్సీల చివరి స్థావరం కుఫ్రా పడిపోయింది. పారిపోతున్న కుటుంబాలు ఎడారిలో దాహంతో చనిపోయాయి.

మిగిలింది ఈజిప్టు దారి. దాన్నీ మూసేశారు. 1931లో సముద్రం ఒడ్డునున్న బర్దియా నుంచి జగ్బూబ్ దాకా 270 కిలోమీటర్ల పొడవున ముళ్ల కంచె వేశారు. మధ్య మధ్య కోటలు, టెలిఫోన్ లైన్, విమానాలు దిగే మైదానాలు. ఇక బియ్యం రాదు, తూటాలు రావు, గాయపడిన వాడు అవతలికి పోలేడు.

అప్పటిదాకా ముఖ్తార్‌ను నిలబెట్టినవి మూడు. జనం, జావియాలు, సరిహద్దు. ఏడాదిన్నరలో గ్రాజియాని మూడూ తెంచేశాడు. కొండ మీద దళాలు ఓడిపోలేదు. వాటి కింద నేలను లాగేశారు.

కళ్లజోడు దొరికింది.. ఏడాదికి మనిషి దొరికాడు

1930లో జరిగిన ఓ పోరాటంలో ముఖ్తార్ తప్పించుకున్నారు కానీ ఆయన కళ్లజోడు ఇటలీ సైనికులకు దొరికింది. అది గ్రాజియాని బల్ల మీదకు చేరింది. వెతుకుతున్న వ్యక్తి కళ్లజోడు లేకుండా చదవలేని ముసలాయనన్న సంగతి అతనికి గుర్తుచేసే వస్తువది.

1931 సెప్టెంబర్ 11న స్లోంటా దగ్గర ముఖ్తార్ చిన్న దళంతో వెళ్తుండగా ఇటలీ అశ్విక దళం చుట్టుముట్టింది. గుర్రానికి తూటా తగిలి కూలింది. ఆయన కిందపడ్డారు. చేతికి గాయమైంది. పట్టుకున్న సైనికులు కాసేపటికి గానీ ఎవరిని పట్టుకున్నామో గ్రహించలేదు. యుద్ధనౌకలో బెంఘాజీకి తెచ్చారు. గొలుసులు వేసి, సైనికులు చుట్టూ నిలబడి ఫొటోలు దిగారు. 70 ఏళ్లు పైబడిన మనిషి, తెల్లటి గడ్డం, బట్ట కప్పుకుని నిలబడ్డ రూపం. తమ విజయానికి గుర్తుగా ఇటలీ తీయించిన ఆ ఫొటోలే తర్వాత ఇటలీకి మాయని మచ్చగా మారాయి.

సెప్టెంబర్ 15 సాయంత్రం బెంఘాజీలో విచారణ జరిగింది. గంట, గంటన్నరలో అయిపోయింది. ఇటలీ ప్రభుత్వంపై తిరుగుబాటు చేసిన పౌరుడిగా ఆయన్ను నిలబెట్టారు. ఆయన ఏనాడూ ఇటలీకి లొంగలేదని, కాబట్టి యుద్ధ ఖైదీగా చూడాలని ఆయన తరఫున నియమించిన ఇటలీ ఆర్మీ కెప్టెన్ రొబెర్తో లొంతానో వాదించారు. కోర్టు వినలేదు. అలా వాదించినందుకు ఆ కెప్టెన్‌కే శిక్ష పడింది. సాయుధ పౌరుడికి చట్టంలో ఎప్పుడూ ఎదురయ్యే చిక్కు ఇదే. యూనిఫాం ఉన్నవాడు ఖైదీ అవుతాడు. లేనివాడు నేరస్తుడవుతాడు.

మరుసటి రోజు ఉదయం సులూక్ శిబిరంలో ఉరి తీశారు. అక్కడ బంధించిన జనంలో 20 వేల మందిని బలవంతంగా తెచ్చి చూపించారు. ఎవరి కోసం ఆయన పోరాడారో వాళ్ల కళ్ల ముందే.

ఆయన తర్వాత పగ్గాలు పట్టిన యూసుఫ్ బూ రహీల్ ఆ డిసెంబర్‌లో ఈజిప్టు వైపు దాటే ప్రయత్నంలో చనిపోయారు. 1932 జనవరి 24న తిరుగుబాటు ముగిసిందని బదోగ్లియో ప్రకటించాడు. ఖాళీ చేయించిన పచ్చని కొండ మీదకు ఇటలీ రైతు కుటుంబాలు వచ్చాయి. 1938 అక్టోబర్‌లో ఒకేసారి 20 వేల మందిని ఓడల్లో దించి, లిబియాలో కొత్తగా కట్టిన ఊళ్లలో కాపురం పెట్టించారు.

మరి ఇటలీని వెళ్లగొట్టిందెవరు?

నిజం చెప్పాలంటే ఇంకో విదేశీ సైన్యమే. రెండో ప్రపంచ యుద్ధంలో ముస్సోలినీ హిట్లర్ పక్షాన దిగాడు. లిబియా యుద్ధభూమి అయింది. బ్రిటన్ నడిపిన 8వ ఆర్మీ ఇటలీ, జర్మనీ దళాలతో అటూ ఇటూ తలపడి, 1943 జనవరి 23న ట్రిపోలీ చేరింది. ఈ ఎడారి యుద్ధంలో భారత సైన్యానికి చెందిన 4వ డివిజన్ కూడా ఉంది. మద్రాస్ శాపర్స్ యూనిట్లు అందులో పనిచేశాయి. ముఖ్తార్ తిరిగిన దెర్నా, బెంఘాజీ దారుల్లోనే మన సైనికులూ నడిచారు.

అలాగని లిబియన్ల పోరాటానికి ఇందులో పాత్రే లేదనుకుంటే పొరపాటు. ఈజిప్టుకు పారిపోయిన లిబియన్లు వేలల్లో ఉన్నారు. 1940లో ఇద్రిస్ పిలుపుతో వాళ్లలోంచే లిబియన్ అరబ్ ఫోర్స్ పేరుతో బెటాలియన్లు తయారై బ్రిటన్ పక్షాన నిలిచాయి. ఆ సాయానికి బదులుగా, సైరెనైకా సెనుస్సీలను మళ్లీ ఇటలీ పాలన కిందకు పోనివ్వమని 1942 జనవరిలో బ్రిటన్ విదేశాంగ మంత్రి ఈడెన్ పార్లమెంటులో మాటిచ్చారు. ముఖ్తార్ 20 ఏళ్లు పోరాడి ఉండకపోతే ఆ బెటాలియన్లూ లేవు, ఆ మాటా లేదు.

యుద్ధం తర్వాత కూడా గండం గడవలేదు. ట్రిపోలిటానియాను మళ్లీ ఇటలీ పర్యవేక్షణలో పెట్టాలని 1949లో బ్రిటన్, ఇటలీ విదేశాంగ మంత్రులు ఓ ప్లాన్ తెచ్చారు. లిబియా వీధుల్లో నిరసనలు పోటెత్తాయి. ఐక్యరాజ్యసమితిలో ఆ ప్లాన్ ఒక్క ఓటు తేడాతో వీగిపోయింది. అదే ఏడాది నవంబర్‌లో లిబియాకు స్వాతంత్ర్యం ఇవ్వాలని సమితి తీర్మానించింది. 1951 డిసెంబర్ 24న ఇద్రిస్ రాజుగా లిబియా స్వతంత్ర దేశమైంది.

అదే కంచె.. వేరే ఫలితం

ముఖ్తార్ ఓటమి ఎందుకో అర్థం కావాలంటే పక్కనే ఉన్న అల్జీరియా వైపు ఓసారి చూడాలి. 1954లో అక్కడ ఫ్రాన్స్‌పై సాయుధ పోరాటం మొదలైంది. ఫ్రాన్స్ కూడా గ్రాజియాని చేసిన పనులే చేసింది. ట్యునీషియా సరిహద్దు పొడవునా కరెంటు కంచె వేసింది. 20 లక్షల మంది పల్లెజనాన్ని శిబిరాలకు తరలించింది. యుద్ధభూమిలో చాలావరకు పైచేయి కూడా సాధించింది. అయినా 1962లో వెళ్లిపోవాల్సి వచ్చింది.

తేడా ఎక్కడ? 1930లో సైరెనైకా శిబిరాల గురించి రోమ్ పత్రికలు రాయలేదు. రాసే స్వేచ్ఛ లేదు. ఇటలీలో అడిగే ప్రతిపక్షం లేదు. అరబ్ దేశాల్లో నిరసనలు వచ్చాయి కానీ వాటిలో చాలావరకు తామే పరాయి పాలనలో ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి అప్పటికి పుట్టలేదు. 1962 నాటికి ప్యారిస్‌లో పత్రికలు రాశాయి, జనం వీధుల్లోకి వచ్చారు, చుట్టూ స్వతంత్ర దేశాలు ఆశ్రయమిచ్చాయి, సమితిలో ఓట్లు పడ్డాయి. రెండు చోట్లా జనం చేతిలో ఉన్నది తుపాకీయే. చుట్టూ ఉన్న ప్రపంచమే వేరు.

చనిపోయాక కూడా తగ్గని పేరు

గ్రాజియానిపై లిబియాలో చేసిన పనులకు ఏనాడూ విచారణ జరగలేదు. జర్మన్లతో కుమ్మక్కైనందుకు 1950లో ఇటలీ కోర్టు జైలు శిక్ష వేసింది. కొన్ని నెలలకే బయటికొచ్చాడు. 1955లో చనిపోయాడు. 2012లో అఫిలే అనే ఊళ్లో అతనికి స్మారకం కూడా కట్టారు. దానిపై ఇటలీలోనే పెద్ద దుమారం రేగింది.

ముఖ్తార్ జీవితంపై 1981లో ముస్తఫా అక్కాద్ తీసిన లయన్ ఆఫ్ ద డెజర్ట్ సినిమాలో ఆంథోనీ క్విన్ నటించారు. తమ సైన్యం పరువు తీస్తోందంటూ ఇటలీ ఆ సినిమాను ఆపేసింది. 2009లో గానీ అక్కడి టీవీలో రాలేదు. ఆ ఏడాదే రోమ్ వెళ్లిన గడాఫీ, గొలుసులతో ఉన్న ముఖ్తార్ ఫొటోను యూనిఫాం మీద తగిలించుకుని విమానం దిగారు. అంతకుముందు ఏడాది బెంఘాజీలో కుదిరిన ఒప్పందంలో వలస పాలన గాయాలకు పరిహారంగా 500 కోట్ల డాలర్లు ఇస్తామని ఇటలీ ఒప్పుకుంది.

ఆ తర్వాత రెండేళ్లకే, 2011లో అదే గడాఫీపై తిరగబడిన బెంఘాజీ జనం చేతుల్లోనూ ముఖ్తార్ ఫొటోనే ఉంది. గడాఫీ పోయాక తుపాకులు మాత్రం జనం చేతుల్లోనే మిగిలాయి. వర్గాలుగా చీలి ఏళ్ల తరబడి తమలో తాము కొట్టుకున్నారు. తెగల తగవులు తీర్చగల పంతులు ఈసారి దొరకలేదు.

మరి జవాబేంటి?

తుపాకీ పట్టిన జనం విదేశీ సైన్యాన్ని ఓడించగలరా అన్న ప్రశ్నకు ముఖ్తార్ జీవితం రెండు ముక్కల్లో జవాబు చెబుతుంది. ఒకటి, ఆక్రమణను సులువుగా సాగనివ్వకుండా ఏళ్ల తరబడి ఆపగలరు. జనం, నాయకత్వం, సరిహద్దు కలిసొస్తే వెయ్యి మందితో సామ్రాజ్యాన్ని నిలువరించవచ్చు. రెండు, ఆక్రమించినవాడు మొత్తం జనాన్నే శత్రువుగా లెక్కగట్టి, అడిగే దిక్కు లేకుండా చంపడానికి సిద్ధపడితే తుపాకీ ఒక్కటే కాపాడలేదు. అప్పుడు మూల్యం చెల్లించేది దళాలు కాదు. ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు.

సైరెనైకా ఆ మూల్యం చెల్లించింది. యుద్ధం ఓడింది. కానీ ఇటలీ పాలనను తామెప్పుడూ ఒప్పుకోలేదన్న ఒక్క విషయాన్ని మాత్రం ఎవరూ కాదనలేని విధంగా రికార్డులో పెట్టింది. ప్రపంచం మారి, లిబియాను ఏం చేయాలన్న చర్చ వచ్చిన రోజున ఆ రికార్డే పనికొచ్చింది. లిబియా 10 దినార్ల నోటుపైకి చేరింది ఇటలీ జనరల్ బొమ్మ కాదు. కళ్లజోడు పోగొట్టుకున్న ఆ పంతులుదే.